సిటీ చట్టం, సిటీ కార్డు, సిటీ ఫిర్యాదు: అమెరికా నగరాల్లో వివక్ష ఎదురైతే ఏ తలుపు తట్టాలి

క్లుప్తంగా: అమెరికాలో వివక్షపై చట్టాలు ఫెడరల్, రాష్ట్రం, నగరం అని మూడు అంచెల్లో ఉన్నాయి. అన్నిటికన్నా కింద ఉన్న నగర చట్టమే చాలాచోట్ల ఎక్కువమందికి అండగా నిలుస్తుంది, కాకపోతే ఊరి పొలిమేర దాటితే అది చెల్లదు. మునిసిపల్ గుర్తింపు కార్డుకు చూసేది మనిషి ఎక్కడ ఉంటున్నాడన్నది. ఫిర్యాదుకు చూసేది నష్టం ఎక్కడ జరిగిందన్నది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లా, గడువు దాటబెట్టుకోవడం వల్లా, ఒక తలుపు తడితే ఇంకో తలుపు మూసుకుపోతుందని తెలియకపోవడం వల్లా న్యాయమైన కేసులు కూడా చేజారుతున్నాయి.

పొలిమేర దగ్గర ఆగే చట్టం

2023 ఫిబ్రవరి 21న సియాటిల్ సిటీ కౌన్సిల్ 6-1 ఓట్లతో కులవివక్షను నిషేధించింది. కౌన్సిల్ సభ్యురాలు క్షమా సావంత్ దాన్ని ప్రతిపాదించారు. అమెరికాలో ఈ పని చేసిన మొదటి నగరం సియాటిలే. ఉద్యోగాలు, ఇళ్ల అద్దెలు, హోటళ్లు, దుకాణాల వంటి బహిరంగ స్థలాలు, నగరంతో చేసుకునే కాంట్రాక్టులు దాని పరిధిలోకి వచ్చాయి.

అయితే "సియాటిల్‌లో ఉంటున్నాం" అని చెప్పుకునే తెలుగువాళ్లలో చాలామంది ఆ నగరంలో ఉండరు. ఇల్లు సమామిష్‌లోనో బాథెల్‌లోనో ఉంటుంది, ఆఫీసు రెడ్మండ్‌లోనో బెల్‌వ్యూలోనో ఉంటుంది. ఇవన్నీ వేటికవే విడి నగరాలు, వాటి కౌన్సిళ్లు వేరు. రెడ్మండ్ ఆఫీసులో ప్రమోషన్ దగ్గర కులం అడ్డొస్తే సియాటిల్ చట్టం అక్కడికి వెళ్లదు. ఆ మనిషి రాష్ట్ర చట్టంలోనో ఫెడరల్ చట్టంలోనో దారి వెతుక్కోవాలి. అక్కడ కులం అనే మాట విడిగా లేదు కాబట్టి జాతి, వంశమూలం, మతం వంటి శీర్షికల కింద వాదన నిలబెట్టాలి.

నగరానికి ఈ అధికారం రాష్ట్రం ఇచ్చిందే. అమెరికా రాజ్యాంగంలో నగరాల ప్రస్తావనే లేదు. రాష్ట్రం ఎంత స్వయంపాలన ఇస్తే నగరానికి అంతే. ఇక్కడ ఆంధ్ర, తెలంగాణల నుంచి చూసేవారికి ఇంకో తేడా కూడా తెలియాలి. మన కార్పొరేషన్లు నీళ్లు, చెత్త, ఇంటి పన్ను చూస్తాయి, వివక్షపై చట్టం చేయవు. కులం పేరుతో జరిగే అన్యాయానికి ఇక్కడున్న ప్రధాన ఆయుధం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. అది పార్లమెంటు చేసిన క్రిమినల్ చట్టం కాబట్టి పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్, ప్రత్యేక కోర్టు ఉంటాయి. అమెరికా నగరాల చట్టాలు సివిల్ స్వభావం గలవి. మామూలుగా అరెస్టు ఉండదు, జైలు ఉండదు. నష్టపరిహారం, జరిమానా, పద్ధతి మార్చుకోమనే ఉత్తర్వు ఉంటాయి. ఎఫ్ఐఆర్ లాంటిదేదో నమోదవుతుందని ఎదురుచూస్తే మొదటి అడుగే తప్పుతుంది.

చిన్న కంపెనీల దగ్గర అసలు తేడా

1964 పౌరహక్కుల చట్టంలో ఉద్యోగాలకు సంబంధించిన భాగం 15 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలకే వర్తిస్తుంది. న్యూయార్క్ నగర మానవహక్కుల చట్టానికి నలుగురు చాలు. ఆ లెక్కలోకి కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు కూడా వస్తారు. లైంగిక వేధింపుల విషయంలో ఒక్కరున్నా చాలు. ఎనిమిది మందితో నడిచే ఐటీ కన్సల్టెన్సీలో, రెస్టారెంటులో, కిరాణా దుకాణంలో పనిచేసేవారికి ఆ ఫెడరల్ చట్టం తలుపు మూసే ఉంటుంది. అలాంటప్పుడు నగర, రాష్ట్ర చట్టాలే దిక్కు. న్యూజెర్సీలో రాష్ట్ర చట్టమే అన్ని సైజుల సంస్థలకూ వర్తిస్తుంది కాబట్టి ఎడిసన్‌లో ఉన్నవారికి ఈ చిక్కు రాదు.

రక్షణ పొందే కారణాల జాబితా కూడా న్యూయార్క్‌లో పెద్దది. జాతి, మతం, లింగం, వైకల్యం, వయసు వంటివే కాక ఇమిగ్రేషన్ లేదా పౌరసత్వ స్థితి, అరెస్టు లేదా శిక్ష రికార్డు, క్రెడిట్ చరిత్ర, పిల్లల లేదా పెద్దల సంరక్షణ బాధ్యత, గృహహింస బాధితులు కావడం, ఇంటి అద్దెకు ప్రభుత్వ సాయం అందుకోవడం కూడా అందులో ఉన్నాయి. 2023 నవంబర్ 22 నుంచి ఎత్తు, బరువు కూడా చేరాయి. ఎక్కువమంది ఉద్యోగార్థులకు పనికొచ్చేది మాత్రం 2017 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చిన నిబంధన. పాత జీతం ఎంత అని యజమాని అడగకూడదని అది చెబుతుంది.

అంతకన్నా లోతైన తేడా రుజువు దగ్గర ఉంది. ఫెడరల్ చట్టం కింద వేధింపు నిరూపించాలంటే అది తీవ్రంగానైనా ఉండాలి, పదే పదే జరిగిందైనా అయి ఉండాలి. 2005లో న్యూయార్క్ కౌన్సిల్ తన చట్టాన్ని సవరించి, ఫెడరల్ చట్టాన్ని నేల అనుకోవాలి తప్ప పైకప్పు అనుకోవద్దని కోర్టులకు చెప్పింది. ఆ తర్వాత న్యూయార్క్‌లో అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ కారణం వల్ల ఈ మనిషిని ఇతరులకన్నా తక్కువగా చూశారా లేదా? అది కేవలం చిల్లర విషయమని నిరూపించుకునే భారం యజమానిది. అదే సంఘటన ఫెడరల్ కోర్టులో వీగిపోయి నగర చట్టం కింద నిలవడానికి కారణం ఇదే.

ఎవరు ఎక్కడ ఉంటున్నారు, నష్టం ఎక్కడ జరిగింది

జెర్సీ సిటీలో ఉంటూ రోజూ మన్‌హాటన్ ఆఫీసుకు వెళ్లే ఉద్యోగికి న్యూయార్క్ సిటీ గుర్తింపు కార్డు రాదు, ఎందుకంటే అతను నగరవాసి కాడు. అయినా న్యూయార్క్ నగర మానవహక్కుల కమిషన్‌లో ఫిర్యాదు చేయగలడు, ఎందుకంటే నష్టం నగరంలో జరిగింది. క్వీన్స్‌లో ఉంటూ న్యూజెర్సీ ఆఫీసులో పనిచేసే ఉద్యోగిది దీనికి తలకిందులు. కార్డు వస్తుంది, ఉద్యోగం మీద ఫిర్యాదు మాత్రం న్యూజెర్సీలో పెట్టుకోవాలి. వివక్ష ప్రభావం నగరంలో పడి ఉండాలని న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2010లో తేల్చింది. 2024 మార్చిలో దాన్ని ఒక మెట్టు విస్తరించింది. నగరంలో పనిచేయాల్సిన ఉద్యోగం వివక్ష వల్ల దక్కకపోతే, బయట ఉంటున్నవారు కూడా ఫిర్యాదు చేయవచ్చంది. మన్‌హాటన్ కంపెనీకి ఎడిసన్ ఇంట్లో కూర్చుని రిమోట్‌గా పనిచేసేవారి పరిస్థితి ఇంత సూటిగా లేదు. కంపెనీ చిరునామా నగరంలో ఉన్నంతమాత్రాన చాలదు.

కార్డు ఎందుకు పుట్టింది

అమెరికాకు జాతీయ గుర్తింపు కార్డు లేదు. ఆచరణలో ఆ పని డ్రైవింగ్ లైసెన్స్ చేస్తుంది. లైసెన్స్ లేనివారు, అంటే కాగితాలు లేని వలసదారులు, ఇల్లు లేనివారు, కారు నడపని ముసలివాళ్లు, ఇంట్లోంచి గెంటేసిన యువత, బ్యాంకు ఖాతా తెరవలేరు, కొన్ని భవనాల్లోకి అడుగుపెట్టలేరు. కనెటికట్‌లోని న్యూ హేవెన్‌లో ఇది దోపిడీల రూపంలో బయటపడింది. బ్యాంకు ఖాతా లేక జీతం డబ్బు జేబులో పెట్టుకు తిరిగే కూలీలను దొంగలు మాటువేసి దోచుకునేవారు. కార్డు లేని మనిషి పోలీసుల దగ్గరికి వెళ్లడని దొంగలకు తెలుసు. 2007లో ఆ నగరం వలస స్థితి అడగకుండా నివాసులందరికీ కార్డు ఇవ్వాలని నిర్ణయించింది. దేశంలో అదే మొదటిది. కౌన్సిల్ ఆమోదం తెలిపిన రెండు రోజులకే ఫెడరల్ ఇమిగ్రేషన్ అధికారులు ఆ ఊళ్లో దాడులు చేశారు. అయినా నగరం వెనక్కి తగ్గలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2009లో, న్యూయార్క్‌లో 2015 జనవరి 12న కార్డులు మొదలయ్యాయి. చికాగోలో 2018లో వచ్చాయి.

మన ఆధార్‌తో పోలిస్తే ఒక పోలిక, ఒక తేడా కనిపిస్తాయి. రెండూ అక్కడ ఉంటున్నవారికి ఇచ్చేవే తప్ప పౌరసత్వానికి రుజువులు కావు. ఆధార్ చట్టం 182 రోజుల నివాసం చూస్తుంది, సిటీ కార్డు ప్రస్తుత చిరునామా చూస్తుంది. ఇక ఆధార్ వెనుక దేశమంతటికీ ఒకే డేటాబేస్, వేలిముద్రలు ఉంటాయి. సిటీ కార్డు రూపకర్తలు వీలైనంత తక్కువ సమాచారం దగ్గర పెట్టుకోవాలని చూశారు. దీని వెనుక న్యూయార్క్‌లో నడిచిన కథ ఉంది. మొదట దరఖాస్తుదారుల పత్రాల కాపీలు రెండేళ్లు దాచాలనే నియమం ఉండేది. 2016 ఎన్నికల తర్వాత ఆ ఫైళ్లు ఫెడరల్ ప్రభుత్వం చేతికి వెళ్తాయన్న భయం మొదలైంది. అదే ఏడాది డిసెంబర్‌లో నగరం కాపీలు దాచడం మానేసి, ఉన్నవాటిని నాశనం చేయబోయింది. ఇద్దరు రాష్ట్ర శాసనసభ్యులు కోర్టుకు వెళ్లి ఆపించారు. 2017 ఏప్రిల్‌లో స్టాటెన్ ఐలాండ్ న్యాయమూర్తి నగరం పక్షాన తీర్పిచ్చారు. గుర్తింపు కార్డు ఏదైనా దాని నమ్మకమంతా వెనుక ఉన్న అల్మరా మీద ఆధారపడుతుందని అప్పుడు నగరాలు నేర్చుకున్నాయి. చికాగో మొదటి నుంచే కాపీలు ఉంచుకోని పద్ధతి పెట్టుకుంది.

కార్డు వలసదారుల చేతుల్లోనే కనిపిస్తే అది రక్షణ పోయి ముద్రగా మారుతుంది. కార్డు చూపించగానే "ఓహో, ఇతనికి కాగితాలు లేవు" అని ఎదుటివాడికి అర్థమవుతుంది. న్యూయార్క్ దీనికి తెలివైన విరుగుడు కనిపెట్టింది. మొదట్లోనే 33 మ్యూజియంలు, జంతుశాలలు, నాటకశాలల వంటి సంస్థల్లో ఏడాది ఉచిత సభ్యత్వం కార్డుకు జతచేసింది. మ్యూజియం కోసం కార్డు తీసుకున్న లాయరు, బ్యాంకు కోసం తీసుకున్న గిన్నెలు కడిగే మనిషి ఒకే రకం కార్డు చూపిస్తారు. కార్డుదారులు 10 లక్షలు దాటడానికి ఇది పెద్ద కారణం.

నాలుగు పాయింట్ల లెక్క

న్యూయార్క్ కార్డుకు 10 ఏళ్లు నిండిన నగరవాసి ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. కార్డు ఉచితం, ఐదేళ్లు చెల్లుతుంది. మొత్తం 4 పాయింట్లు కావాలి: మనిషెవరో చెప్పే పత్రాలకు కనీసం 3, నగరంలో ఉంటున్నట్టు చెప్పే పత్రానికి కనీసం 1. మెషీన్ చదవగలిగే భారతీయ పాస్‌పోర్టుకు ఒక్కదానికే 3 పాయింట్లు వస్తాయి. కాబట్టి తెలుగు విద్యార్థికైనా ఉద్యోగికైనా చిక్కు ఎప్పుడూ నాలుగో పాయింటు దగ్గరే.

జాక్సన్ హైట్స్‌లోనో ఫ్లషింగ్‌లోనో నలుగురు కుర్రాళ్లు ఒక ఇల్లు పంచుకున్నారనుకుందాం. లీజు ఒకడి పేరున, కరెంటు బిల్లు ఇంకొకడి పేరున ఉంటాయి. మూడోవాడి దగ్గర ఏమీ ఉండదు. పాస్‌పోర్టు చివరి పేజీలో ఉన్న గుంటూరు చిరునామా ఇక్కడ పనికిరాదు. అతనికి దగ్గరి దారి బ్యాంకు స్టేట్‌మెంట్. బ్యాంకులో చిరునామా ఈ ఇంటికి మార్చుకుని, ఒక నెల స్టేట్‌మెంట్ ఆ చిరునామాతో వచ్చాక వెళ్తే పాయింటు దొరుకుతుంది. పే స్టబ్ (జీతం చీటీ), ఫోన్ బిల్లు కూడా పనిచేస్తాయి. బిల్లులూ స్టేట్‌మెంట్లూ 60 రోజుల్లోపువి కావాలి. మూడు నెలల క్రితం ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్న కాగితంతో అపాయింట్‌మెంటుకు వెళ్లి వెనక్కి రావడం మామూలుగా జరిగే పొరపాటు. జిరాక్సులు ఒప్పుకోరు. ఒరిజినల్ కావాలి, లేదా జారీచేసిన కార్యాలయమే ధ్రువీకరించిన కాపీ కావాలి.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యేది పేరు తిప్పలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మొదటి పేరు తెలియదనే అర్థంలో "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది, మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి పోతుంది. బ్యాంకువాళ్లు ఆ మూడక్షరాలనే పేరుగా ఎక్కిస్తారు. పాస్‌పోర్టులో ఒక రకంగా, స్టేట్‌మెంటులో ఇంకో రకంగా ఉన్న పేరుతో కౌంటరు దగ్గర నిలబడితే పని ఆగిపోయే అవకాశం ఎక్కువ. ముందు బ్యాంకులో పేరు పాస్‌పోర్టుతో సరిచేయించుకుని తర్వాత వెళ్లడం మేలు. కార్డు టపాలో వస్తుంది. పోస్టు డబ్బా మీద లీజుదారు పేరొక్కటే ఉంటే ఉత్తరం తిరిగిపోవచ్చు కాబట్టి డబ్బా మీద తన పేరు రాసిన చీటీ అంటించుకోవాలి.

ఇల్లు లేనివారికి, గృహహింస నుంచి తప్పించుకున్నవారికి వేరే మార్గాలున్నాయి. ఆశ్రయమిచ్చిన సంస్థ లేఖను నివాస రుజువుగా తీసుకుంటారు. చిరునామా కార్డు మీద ముద్రించకుండా ఉంచే వీలు కూడా ఉంది. లింగం విషయంలో దరఖాస్తుదారు చెప్పిందే రాస్తారు, డాక్టరు కాగితం అడగరు.

కార్డు చేయలేని పనులు

ఈ కార్డుతో వాహనం నడపలేరు. విమానం ఎక్కలేరు. విమానానికి ఫెడరల్ ప్రమాణాలకు తగిన గుర్తింపు కార్డే చూపాలనే రియల్ ఐడీ నియమం 2025 మే 7 నుంచి అమలయ్యాక ఈ విషయంలో ఎలాంటి ఆశా లేదు. దీంతో ఉద్యోగ అర్హత నిరూపించలేరు, వలస స్థితి మారదు. న్యూయార్క్‌లో పోలీసులు, నగర కార్యాలయాలు, పబ్లిక్ స్కూళ్లు ఒప్పుకుంటాయి. చిన్న నేరారోపణకు అరెస్టుకు బదులు సమన్లిచ్చి పంపేటప్పుడు పోలీసులకు గుర్తింపుగా ఇది పనికొస్తుంది. ఖాతా తెరవడానికి కొన్ని బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లు ఒప్పుకున్నాయి కానీ పెద్ద బ్యాంకులు చాలావరకు ముందుకు రాలేదు. ఇక 2019 డిసెంబర్ నుంచి న్యూయార్క్ రాష్ట్రం వలస స్థితి చూడకుండా మామూలు డ్రైవింగ్ లైసెన్స్ ఇస్తోంది. కారు నడిపేవారికి సిటీ కార్డు అవసరం దానితో కొంత తగ్గింది.

ఫిర్యాదు: గడువు ముందు, ఆవేశం తర్వాత

న్యూయార్క్ నగర మానవహక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చివరి సంఘటన జరిగిన ఏడాదిలోపు చేరాలి. లింగపరమైన వేధింపు అయితే మూడేళ్లు. కోర్టుకు నేరుగా వెళ్లాలంటే మూడేళ్లు. రాష్ట్ర మానవహక్కుల విభాగంలో 2024 ఫిబ్రవరి 15 తర్వాత జరిగినవాటికి మూడేళ్లు. ఫెడరల్ ఉద్యోగ సమానావకాశ కమిషన్‌కు న్యూయార్క్, న్యూజెర్సీల వంటి చోట్ల 300 రోజులు, సొంత సంస్థ లేని చోట్ల 180 రోజులు. న్యూజెర్సీ పౌరహక్కుల విభాగంలో 180 రోజులే, కోర్టుకు రెండేళ్లు. సియాటిల్ పౌరహక్కుల కార్యాలయంలో ఉద్యోగ వివక్షకు ఏడాదిన్నర, ఇంటి విషయానికి ఏడాది.

గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది ఎక్కువమందిని దెబ్బతీస్తుంది. ఉద్యోగం తీసేస్తున్నట్టు చెప్పిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది, చివరి పనిదినం నుంచి కాదు. మార్చిలో నోటీసిచ్చి మేలో పంపేస్తే రెండు నెలలు అప్పటికే కరిగిపోయాయి. కంపెనీ లోపల హెచ్ఆర్‌కు పెట్టిన అర్జీ, దానిపై విచారణ ఈ గడియారాన్ని ఆపవు. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. కొత్త స్పాన్సరు వెతుకులాటలోనో, హైదరాబాద్ తిరుగు ప్రయాణంలోనో ఫిర్యాదు మాట మరుగున పడుతుంది. ఫిర్యాదుదారు నగరంలోనే ఉండాలన్న షరతు లేదు కాబట్టి దేశం వదిలినంతమాత్రాన హక్కు పోదు, గడువు మాత్రం పోతుంది.

న్యూయార్క్ నగర సేవల ఫోన్ నంబరు 311కు ఫోన్ చేసి సర్వీస్ నంబర్ తీసుకోవడం, కమిషన్ వెబ్‌సైటులో వివరాలు నింపడం ఫిర్యాదు దాఖలు చేసినట్టు కాదు. అవి విచారించమని అడగడం వరకే. ఆ తర్వాత కమిషన్ న్యాయవిభాగం వారు మాట్లాడి వివరాలు తీసుకుంటారు. కొన్నిసార్లు ఫిర్యాదు లేకుండానే యజమానికో ఇంటి ఓనరుకో ఫోన్ చేసి పని చక్కబెడతారు. దివ్యాంగుల ర్యాంపు, గర్భిణికి కుర్చీ వంటి వాటిలో ఇదే వేగమైన మార్గం. అది కుదరకపోతే ఫిర్యాదు రాసి, ప్రమాణపూర్వకంగా సంతకం పెట్టించి దాఖలు చేస్తారు. ఎదుటి పక్షం 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇరువర్గాలూ ఒప్పుకుంటే మధ్యవర్తిత్వం జరుగుతుంది. లేకపోతే దర్యాప్తు, దాని చివర కేసులో పస ఉందా లేదా అన్న నిర్ణయం, పస ఉంటే పరిపాలనా న్యాయమూర్తి ముందు విచారణ. లాయరు తప్పనిసరి కాదు, ఫీజు లేదు.

ఇక్కడే ఒక తలుపు ఇంకో తలుపును మూసేస్తుంది. నగర కమిషన్‌లో ఫిర్యాదు పెడితే అదే విషయంపై నగర చట్టం కింద కోర్టుకు వెళ్లే హక్కు మామూలుగా పోతుంది. నిర్ణయం రాకముందే పరిపాలనా సౌలభ్యం పేరిట కేసు మూసేయమని కోరి, కమిషన్ అలా మూసేస్తేనే మళ్లీ కోర్టు దారి తెరుచుకుంటుంది. అప్పటిదాకా కమిషన్‌లో గడిచిన కాలాన్ని కోర్టు గడువులోంచి మినహాయిస్తారు. ఎక్కువ మొత్తం జీతం నష్టం ఉన్న కేసుల్లో సంతకానికి ముందే లాయరుతో ఒక గంట మాట్లాడటం అందుకే అవసరం.

జరిమానా మీద కూడా అపోహ ఉంది. మామూలు ఉల్లంఘనకు 1,25,000 డాలర్ల వరకు, కావాలని చేసినదానికి 2,50,000 డాలర్ల వరకు అన్న అంకెలు వార్తల్లో కనిపిస్తాయి. ఆ డబ్బు నగర ఖజానాకు పోతుంది. ఫిర్యాదుదారుకు దక్కేది పోయిన జీతం, మనోవ్యథకు పరిహారం, ఉద్యోగం తిరిగి ఇవ్వడం వంటివి. "ఇమిగ్రేషన్ వాళ్లకు ఫోన్ చేస్తా" అని వివక్షతో బెదిరించే యజమానికి, ఓనరుకు కూడా ఈ పెద్ద జరిమానా వర్తించవచ్చని కమిషన్ 2019లోనే స్పష్టం చేసింది. ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకోవడం విడిగా మరో ఉల్లంఘన. అసలు ఆరోపణ వీగిపోయినా కక్షసాధింపు కేసు నిలవగలదు.

ఇళ్ల విషయంలో ఒక మినహాయింపు ఉంది. యజమాని స్వయంగా ఉంటున్న రెండు కుటుంబాల ఇంట్లో రెండో వాటా అద్దెకిస్తే నగర చట్టం వర్తించదు, కానీ బహిరంగ ప్రకటన ఇవ్వకుండా ఇచ్చినప్పుడే. క్వీన్స్‌లో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. మనవాళ్లకే ఇస్తామనుకునే ఓనరు ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టిన మరుక్షణం ఆ రక్షణ పోతుంది.

కాగితం మీద ఏముండాలి

"నన్ను చాలాకాలంగా చిన్నచూపు చూస్తున్నారు" అన్న వాక్యంతో దర్యాప్తు అధికారి ఏమీ చేయలేడు. తేదీ, చోటు, అన్న మాట, విన్నవాళ్లు, అదే పరిస్థితిలో వేరేవారిని ఎలా చూశారు అన్నవి కావాలి. వీటిలో చివరిదే కేసుకు వెన్నెముక. ఒకే టీములో, ఒకే రేటింగ్ ఉన్న ఇద్దరిలో ఒకరికి ప్రమోషన్ వచ్చి ఇంకొకరికి రాకపోతే ఆ పోలిక రాయాలి.

ఆధారాల కోసం ఆఫీసు ఈమెయిళ్లు సొంత ఖాతాకు పంపుకోవడం ప్రమాదం. కంపెనీ రహస్యాలు బయటకు పంపాడని ఎదురు తిరిగే అవకాశం ఇచ్చినట్టవుతుంది. ఏ మెయిల్, ఏ తేదీ, ఎవరి నుంచి అని ఇంటి దగ్గర నోటు పుస్తకంలో రాసుకుంటే తర్వాత కమిషన్ వాటిని తెప్పించగలదు. మాటలు రికార్డు చేయడంలో రాష్ట్రాన్ని బట్టి చట్టం మారుతుంది. న్యూయార్క్, న్యూజెర్సీల్లో మాట్లాడుతున్నవారిలో ఒకరికి తెలిస్తే చాలు. వాషింగ్టన్ రాష్ట్రంలో, కాలిఫోర్నియాలో ఆంతరంగిక సంభాషణలకు అందరి సమ్మతీ కావాలి. సియాటిల్‌లో మేనేజరు మాటలు చాటుగా రికార్డు చేస్తే ఆ ఆధారం చెల్లదు, పైగా రికార్డు చేసినవారి మీదే నేరం పడుతుంది.

కులం కేసుల్లో ఇంకో కష్టం

సియాటిల్ చట్టం కులాన్ని పుట్టుకతో వచ్చే హోదా, తమలో తామే పెళ్లిళ్లు, ఆచారమో చట్టమో మతమో ఆమోదించిన సామాజిక అడ్డుగోడలు గల కరడుగట్టిన అంతస్తుల వ్యవస్థగా నిర్వచించింది. ఏ మతం పేరూ, ఏ దేశం పేరూ అందులో లేదు. 2023 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో రెండో నగరమైంది. కాలిఫోర్నియా రాష్ట్ర బిల్లును మాత్రం ఆ అక్టోబర్ 7న గవర్నర్ గావిన్ న్యూసమ్ తిరస్కరించారు. ఉన్న చట్టాలే దీనికి సరిపోతాయన్నది ఆయన వాదన. ఇలాంటి చట్టాలు భారతీయులను, ముఖ్యంగా హిందువులను అనుమానంతో చూసేలా చేస్తాయని వ్యతిరేకులు అంటారు. పేరు పెట్టి చెప్పకపోతే బాధితుడికి ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియదని సమర్థకులు అంటారు. న్యూయార్క్ జాబితాలో కులం మాట లేదు.

ఆచరణలో ఎదురయ్యే కష్టం దర్యాప్తు అధికారికి ఈ సంకేతాలు తెలియకపోవడం. "మీరేమిటోళ్లు?", "ఏ ఊరు, ఊళ్లో ఏ పక్క?", "ఇంటిపేరు చెప్పు", "మీరు తింటారా?" అన్న ప్రశ్నలు అమెరికా అధికారికి మామూలు పలకరింపుల్లా వినిపిస్తాయి. తెలుగువాడికి వాటి వెనుక అడిగేదేమిటో క్షణంలో తెలుస్తుంది. కాబట్టి ఆ మాటను అన్నది అన్నట్టు రాసి, దాని అర్థం, అది కులం ఆరా ఎలా అవుతుందో పక్కనే విడమరచాలి. అడగడం ఒక్కటే ఉల్లంఘన కాదు. ఆ తర్వాత పని కేటాయింపులోనో, రేటింగులోనో, అద్దెలోనో ఏం మారిందన్నది చూపించగలిగితేనే కేసు. ప్రశ్న అడిగిన తేదీ, మార్పు వచ్చిన తేదీ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలా విషయం తేటపడుతుంది.

ముందున్నదేమిటి

రాష్ట్రం తలచుకుంటే నగరం చేయి కట్టేయగలదు. 2011లో టెనెసీ, 2015లో ఆర్కన్సా తమ చట్టంలో లేని వర్గాలకు నగరాలు రక్షణ ఇవ్వకుండా అడ్డుకున్నాయి. 2017లో ఆర్కన్సా సుప్రీంకోర్టు ఫేయెట్‌విల్ నగర చట్టాన్ని దానికి విరుద్ధమని తేల్చింది. హ్యూస్టన్‌లో 2014 నాటి సమానత్వ చట్టాన్ని మరుసటి ఏడాది ఓటర్లే రద్దుచేశారు. ఫ్లోరిడా 2023లో, చట్టబద్ధ నివాస రుజువు చూపనివారికి గుర్తింపు కార్డుల కోసం స్థానిక సంస్థలు డబ్బు ఖర్చుపెట్టకూడదంది. మరోవైపు, పైకి అందరికీ ఒకేలా కనిపించి ఆచరణలో ఒక వర్గాన్ని దెబ్బతీసే నియమాలపై ఫెడరల్ చర్యలను తగ్గించమని 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడింది. ఆ రకం ఫిర్యాదుల బరువు ఇక రాష్ట్ర, నగర సంస్థల మీదే పడుతుంది. వాటి సిబ్బంది మాత్రం ఆ మేరకు పెరగదు. కేసు తేలడానికి పట్టే కాలం పెరుగుతుందని ముందే అనుకుని, పత్రాలన్నీ మొదటి రోజే సిద్ధం చేసుకోవాలి.

ఇక భాష. న్యూయార్క్ 2017లో చేసిన చట్టం కింద నగర పత్రాలను అనువదించాల్సిన 10 భాషల్లో బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. అంటే తెలుగులో ఫారం దొరకడం కష్టం. కానీ 311లోనూ నగర కార్యాలయాల్లోనూ ఫోన్ ద్వారా దుబాసీ సాయం 175కు పైగా భాషల్లో అందుతుంది, దానికి డబ్బు తీసుకోరు. ఫోన్ ఎత్తగానే "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పి ఆగాలి. "హిందీ" అనకూడదు, హిందీ దుబాసీని కలిపేస్తారు. అదే ఆఫీసులో పనిచేసే స్నేహితుణ్ణి తోడు తెచ్చుకుని అతనితో తర్జుమా చేయించుకోవడం మంచిది కాదు, రేపు అతనే సాక్షి కావలసి రావచ్చు.